కడుపులో ఉన్న గ్రీకు

ఈసోఫాగోగ్యాస్ట్రోడుయోడెనోస్కోపీ. ఇంగ్లిష్‌లో రాస్తే సరిగ్గా 26 అక్షరాలు. ఆ భాష వర్ణమాలలో ఎన్ని ఉన్నాయో అన్నే. మొదటిసారి చదివేవారికి నోరు తిరగదు, రాసేవారికి స్పెల్లింగు నిలవదు. అదే మాటను మూడు చోట్ల తెంపి చూస్తే బెరుకు సగం పోతుంది. ఈసోఫాగో అంటే ఆహారవాహిక. గ్యాస్ట్రో అంటే జీర్ణాశయం. డుయోడెనో అంటే చిన్నపేగు మొదటి భాగం. స్కోపీ అంటే లోపలికి గొట్టం పంపి చూడటం. మన ఊళ్లలో ‘ఎండోస్కోపీ చేయించుకున్నాను’ అని చెప్పుకునేది దీని గురించే.

ఈ తెంపే విద్య ఇప్పుడు హైదరాబాద్ అమీర్‌పేటలో కూడు పెట్టే విద్య. అక్కడి మెడికల్ కోడింగ్ ఇన్‌స్టిట్యూట్లకు బీఫార్మసీ, బీఎస్సీ, నర్సింగ్, ఫిజియోథెరపీ చదివిన పిల్లలు జిల్లాల నుంచి వస్తారు. అమెరికాలో ఒకరికి ఆపరేషన్ జరిగితే, డాక్టరు రాసిన నోట్ చదివి, రోగానికి ఒక కోడ్, చేసిన పనికి ఒక కోడ్ వేయడం వీళ్లు నేర్చుకునే పని. బిల్లుకు ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టాలంటే ఆ కోడ్ సరిగ్గా పడాలి. వీళ్లలో చాలామంది రాసే సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) పరీక్షలో 100 ప్రశ్నలకు 4 గంటలు, పాసవ్వాలంటే 70 శాతం మార్కులు. నోట్‌లో ఉన్న మాట అర్థం కాకపోతే పుస్తకం తెరిచి పెట్టుకున్నా కోడ్ దొరకదు.

ఇక కోడింగ్‌తో పనిలేని వాళ్ల సంగతి. కడుపు స్కానింగ్ తీయించుకుని, రిపోర్టు చేతికి రాగానే డాక్టరు గది ముందు కూర్చుని దాన్ని తిప్పితిప్పి చూడని మనిషి ఉండడు. ‘మైల్డ్ హెపటోమెగాలీ’ అని కనబడితే గుండె జారుతుంది. హెపట్ అంటే కాలేయం, మెగాలీ అంటే పెరగడం. కాలేయం కాస్త పెద్దదిగా ఉందని మాత్రమే ఆ మాట చెబుతోంది. ఎందుకు పెరిగిందో చెప్పడం లేదు. అది డాక్టరు తేల్చాల్సిన విషయం. మాట ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలిస్తే ఆ పదిహేను నిమిషాల కంగారు తగ్గుతుంది.

తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ లేదు. సమాసానికి విగ్రహవాక్యం రాసేటప్పుడు ముందు చివరి మాట పట్టుకుంటాం. రాజభవనం అంటే భవనం, ఎవరి భవనం? రాజుది. వైద్యపదాన్నీ అలాగే తోక పట్టుకుని చదవాలి. హెపటైటిస్‌లో ఐటిస్ అంటే వాపు, దేనికి వాపు? కాలేయానికి. సంధి కార్యం కూడా ఉంది. ఉత్వసంధిలో అచ్చు తగలగానే ఉకారం పోయినట్టు ఇక్కడ ఓకారం పోతుంది. గ్యాస్ట్రో పక్కన ఐటిస్ చేరితే గ్యాస్ట్రైటిస్. హల్లుతో మొదలయ్యే స్కోపీ చేరితే ఓకారం నిలుస్తుంది, గ్యాస్ట్రోస్కోపీ అవుతుంది. రెండు అవయవాల పేర్లు పక్కపక్కన వస్తే మాత్రం రెండోది అచ్చుతో మొదలైనా ఓకారం కదలదు. జీర్ణాశయానికీ పేగుకూ కలిపి వచ్చే వాపు గ్యాస్ట్రోఎంటరైటిస్.

ఈ ముక్కలు ఎక్కువగా గ్రీకు, లాటిన్ భాషలవి. ఒకే భాషవి అయితే గొడవే ఉండేది కాదు. స్థూలంగా చూస్తే శరీర భాగాన్ని పిలవడానికి లాటిన్, దానికి వచ్చిన రోగానికీ చేసే ఆపరేషన్‌కీ గ్రీకు వాడుకలో స్థిరపడ్డాయి. అందుకని ఒక్కో భాగానికి రెండు పేర్లు గుర్తుండాలి. నాలుక లాటిన్‌లో లింగ్వా. నాలుక కింద పెట్టుకునే మాత్ర సబ్‌లింగ్వల్. అదే నాలుక వాస్తే గ్లాసైటిస్, గ్రీకు. పేగు చివరి భాగం రెక్టమ్. అక్కడ వాపు వస్తే ప్రొక్టైటిస్. రాయి గ్రీకులో లిథ్, లాటిన్‌లో కాలిక్యులస్. లెక్కల్లో కాలిక్యులస్ చదివి విసిగిన కుర్రాడికి తండ్రి స్కానింగ్ రిపోర్టులో మళ్లీ అదే మాట ఎదురవుతుంది. లాటిన్‌లో దానికి గులకరాయి అని అర్థం. పూర్వం రోమన్లు రాళ్లతో లెక్క పెట్టేవాళ్లు.

నోట్లో పెట్టిన ముద్ద వెళ్లే దారి వెంబడే నడిస్తే పేర్లు త్వరగా పట్టుబడతాయి. ఆహారవాహిక దాటాక జీర్ణాశయం. దాని కింది ద్వారం పైలోరస్, గ్రీకులో ద్వారపాలకుడు. నలిగిన తిండిని కొద్దికొద్దిగా పేగులోకి వదిలేది అదే. ఆ ద్వారం పేరు ఒక సూక్ష్మజీవికి చేరింది. మెలికలు తిరిగి ఉంటుంది గనుక హెలికోబ్యాక్టర్, పైలోరస్ దగ్గర ఉంటుంది గనుక పైలోరీ. జీర్ణాశయంలో పుండు పడటానికి టెన్షన్, మసాలాలు కారణమని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో ఆస్ట్రేలియా వైద్యులు రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో దాన్ని పెంచిన ద్రవాన్ని తానే తాగి గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

పైలోరస్ దాటగానే డుయోడెనమ్. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో శవాలు కోసి పరిశీలించిన హెరోఫిలస్ ఈ భాగాన్ని వేళ్లతో కొలిచాడు. పన్నెండు వేళ్ల వెడల్పు అంత పొడవు వచ్చింది. పేరు అలాగే పెట్టేశాడు. తర్వాత లాటిన్‌లోకి వచ్చి డుయోడెనమ్ అయింది. ఈనాటి పుస్తకాల్లో రాసే 25 సెంటీమీటర్లకు ఆ కొలత దగ్గరగానే ఉంది.

తర్వాతది జెజునమ్, అంటే ఖాళీ, పస్తు. శవాన్ని కోసినప్పుడు ఈ భాగం ఎప్పుడూ ఖాళీగా కనబడేదట. దాని తర్వాత ఇలియమ్. ఇక్కడే మొదటి గుంట ఉంది. తుంటి ఎముక పేరు కూడా ఇలియమే. ఇంగ్లిష్‌లో పేగుకు మధ్యలో ‘ఈ’, ఎముకకు ‘ఐ’. చెవికి తేడా తెలియదు, తెలుగు లిపిలో కంటికీ తెలియదు. ఒక్క అక్షరం మారితే రోగి పేగు జబ్బు కాస్తా ఎముకల డాక్టరు ఖాతాలో పడుతుంది.

పెద్దపేగు మొదలయ్యే చోట సీకమ్ ఉంటుంది. ఇంటర్మీడియట్ తెలుగు మీడియం జీవశాస్త్రంలో దాన్ని అంధనాళం అన్నారు. లాటిన్ మాటకూ గుడ్డిది అనే అర్థం, ఒకవైపు దారి మూసి ఉంటుంది కాబట్టి. తెలుగు అకాడమీ పుస్తకాలు చదివిన విద్యార్థికి ఆంత్రమూలం, శేషాంత్రికం, ఉండూకం, పురీషనాళం ఎప్పుడో తెలుసు. ఉండూకం దగ్గర బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న అమ్మాయే కోడింగ్ క్లాసులో అపెండిక్స్ అనగానే ఎక్కడుందో చూపిస్తుంది. ఆమెకు కొత్తగా కావలసింది ఇంకో పేరు మాత్రమే.

ఆమె మరచిపోవలసినవీ కొన్ని ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాల్లోని ఇంగ్లిష్ స్పెల్లింగు బ్రిటన్‌ది. ఈసోఫాగస్ ముందు ‘ఓ’, సీకమ్‌లో ‘ఏ’, డయేరియాలో మరో ‘ఓ’ ఉంటాయి. అమెరికా వాళ్లు వాటిని తీసేశారు. అందుకే ఒకే పరీక్షను మన దగ్గర కొందరు డాక్టర్లు ఓజీడీ అని రాస్తే అమెరికా చార్టులో ఈజీడీ అని ఉంటుంది.

ఈ మొత్తం దారిలో నేర్చుకునేవాళ్లు ఎక్కువ సమయం పెట్టవలసింది పసరు దగ్గర. గ్రీకులో కోలి అంటే పైత్యరసం. దానికి ఒక్కో తోక తగిలిస్తే ఒక్కో చోటు. సిస్ట్ అంటే తిత్తి. కోలిసిస్ట్ అంటే పిత్తాశయం. ఆంజియో అంటే నాళం. కొలాంజియో అంటే పైత్యం పారే నాళాలు. కోలిడోకో అంటే వాటన్నిటినీ కలుపుకుని పేగులోకి దింపే పెద్దనాళం. ఇప్పుడు రోగాలు చూడండి. పిత్తాశయంలో రాయి ఉండి ఊరుకుంటే కోలిలిథియాసిస్. పిత్తాశయం వాస్తే కోలిసిస్టైటిస్. రాయి జారి పెద్దనాళంలో ఇరుక్కుంటే కోలిడోకోలిథియాసిస్. పసరు కిందికి దిగే దారి మూసుకుంటే రక్తంలోకి ఎక్కుతుంది, కళ్లు పచ్చబడతాయి. మనవాళ్లు కామెర్లని ఆకుపసరు కోసం పరుగెత్తేది ఇలాంటప్పుడు కూడా. ఆ నాళానికి ఇన్‌ఫెక్షన్ సోకితే కొలాంజైటిస్, చలిజ్వరంతో ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. నాలుగు మాటలూ చూపుకు ఒకేలా ఉంటాయి. మొదటిదానికి చాలాసార్లు డాక్టరు ‘నొప్పి వస్తే చూద్దాం’ అంటాడు, చివరిదానికి ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి.

కొలెస్టరాల్‌లోనూ ఈ కోలి ఉంది. ఆ పదార్థం మొదట దొరికింది పిత్తాశయ రాళ్లలోనే.

పెద్దనాళంలోని రాయిని కడుపు కోయకుండా తీసే పద్ధతి ఈఆర్‌సీపీ. పూర్తి పేరు ఎండోస్కోపిక్ రెట్రోగ్రేడ్ కొలాంజియోప్యాంక్రియాటోగ్రఫీ. తోక నుంచి రండి. గ్రఫీ అంటే బొమ్మ తీయడం. దేన్ని? పైత్య నాళాలనూ క్లోమ నాళాన్నీ. రెట్రోగ్రేడ్ అంటే రసం దిగే దిశకు ఎదురుగా. ఎండోస్కోపిక్ అంటే నోటి నుంచి పంపిన గొట్టం ద్వారా. పద్ధతి మొత్తం ఆ పేరులోనే ఉంది. ఇలాంటి చికిత్సలకు హైదరాబాద్‌కు దేశం బయట కూడా పేరుంది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆపరేషన్ల తోకలు మూడింటిని కలగాపులగం చేస్తే పనికి పని మారిపోతుంది. టమీ అంటే కోయడం. ఎక్టమీ అంటే కోసి తీసేయడం. ఆస్టమీ అంటే కోసి దారి పెట్టడం. లాపరోటమీ చేశారంటే పొట్ట తెరిచారు, అంతే. అపెండెక్టమీ చేశారంటే అపెండిక్స్ ఇక లేదు. కొలాస్టమీ చేశారంటే పెద్దపేగు కొసను పొట్ట గోడ మీదికి తెచ్చి, మలం సంచిలోకి పడేలా దారి పెట్టారు. ఆస్టమీ ముందు రెండు అవయవాలు ఉంటే ఆ రెంటినీ కలిపి కుట్టారని లెక్క. గ్యాస్ట్రోజెజునాస్టమీలో జీర్ణాశయాన్ని నేరుగా జెజునమ్‌కు కలుపుతారు. హెర్నియాకు చేసే ఆపరేషన్‌లో బలహీనపడ్డ గోడను కుట్టి వదిలేస్తే హెర్నియోరఫీ; వల లాంటి మెష్ వేసి గట్టిపరిస్తే హెర్నియోప్లాస్టీ. డిశ్చార్జి కాగితంలో ఏది రాసి ఉందో చూసుకుంటే పొట్టలో మెష్ ఉందో లేదో పదేళ్ల తర్వాతైనా ఇంకో డాక్టరుకు చెప్పగలుగుతారు.

తెలుగులో చదివి నేర్చుకునేవాళ్లకు ఇంకో గుంట ప్రత్యేకం. పెద్దపేగుకు కోలో, పసరుకు కోలి. పెద్దపేగు తీసేస్తే కోలెక్టమీ, పిత్తాశయం తీసేస్తే కోలిసిస్టెక్టమీ. ఇంగ్లిష్‌లో రెండోదానికి ‘సీ’ పక్కన ‘హెచ్’ ఉంటుంది కాబట్టి కంటికి దొరుకుతుంది. తెలుగులో నోట్స్ రాసుకున్నవాడికి ఆ హెచ్ కనబడదు. అసైటిస్ కూడా ఇలాంటిదే. ఐటిస్‌తో ముగిసినట్టే ఉంటుంది, వాపు అనుకుంటారు. దాని ఇంగ్లిష్ స్పెల్లింగు వేరు. తోలు తిత్తి అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. పొట్టలో నీరు చేరడం, మనవాళ్లు జలోదరమన్నది.

లక్షణాల పేర్లలో పొరపాటు పడకూడని జంట హెమటెమెసిస్, హెమాప్టిసిస్. హెమ అంటే రక్తం. మొదటిది వాంతిలో రక్తం, కడుపు వైపు చూడాలి. రెండోది దగ్గితే రక్తం, ఊపిరితిత్తుల వైపు చూడాలి. మెలీనా అంటే నల్లటి విరేచనం. ఎక్కడో పైన కారిన రక్తం పేగుల్లో అరిగి నల్లబడి తారులా దిగుతుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా మలం నల్లగా వస్తుంది. కాబట్టి ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి.

అన్ని పేర్లూ ఇలా ముక్కలు కావు. కొన్ని మనుషుల పేర్లు. పేగులో పుండ్లు పడి గోడ మందమయ్యే క్రోన్స్ వ్యాధిని న్యూయార్క్ వైద్యుడు బరిల్ క్రోన్, సహచరులతో కలిసి 1932లో వర్ణించాడు. క్లోమం తల భాగాన్నీ డుయోడెనమ్‌నూ తీసేసే పెద్ద ఆపరేషన్‌ను విపుల్ అంటారు, అది అలెన్ విపుల్ పేరు. వీటిని తెంపితే ఏమీ రాలదు, బట్టీ పట్టాల్సిందే.

స్ప్రూ అనే జబ్బు పేరూ అంతే. డచ్చి భాష నుంచి వచ్చింది. మనవాళ్లు సంగ్రహణి అన్న జబ్బు అదే అంటారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమవుతాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు ఉష్ణమండల స్ప్రూతో చనిపోయారు, ఆయనకూ ఆ జబ్బు సోకింది. తర్వాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధక బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకు ఈనాటికీ ఇచ్చే మందుల్లో అది ఒకటి. ఈ మందు పేరు మాత్రం ముక్కవుతుంది. లాటిన్‌లో ఫోలియమ్ అంటే ఆకు. పాలకూర ఆకుల నుంచి తీసినప్పుడు ఆ పేరు పెట్టారు.

మందుల చీటీకి కూడా ఇదే చదువు అక్కరకొస్తుంది. ఏసీ అంటే తిండికి ముందు, పీసీ అంటే తిన్నాక, బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఇవన్నీ లాటిన్ మాటల పొడి అక్షరాలు. వీటి పక్కన మన డాక్టర్లు రాసే బీబీఎఫ్ మాత్రం ఇంగ్లిషే, టిఫిన్‌కు ముందు అని. గ్యాస్ మాత్ర అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, రాబెప్రజోల్ మూడింటికీ తోక ఒకటే. ప్రజోల్‌తో ముగిసినవి జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తాయి. వేర్వేరు డాక్టర్లు రాసిన రెండు చీటీల్లో రెండు ప్రజోల్‌లు కనబడితే ఒకే పనికి రెండు మందులు పడుతున్నాయేమో అడగాలి. అరిపిప్రజోల్ కూడా అలాగే ముగుస్తుంది గానీ అది మానసిక సమస్యలకు ఇచ్చే మందు. దాని అసలు తోక పిప్రజోల్.

కోడింగ్ నేర్చుకునేవాళ్ల దగ్గరికి మళ్లీ వస్తే, మాట అర్థమయ్యాక వాళ్లకు అసలు పని మొదలవుతుంది. అమెరికా 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న ఐసీడీ-10-సీఎం పుస్తకంలో జీర్ణవ్యవస్థ 11వ అధ్యాయం. కోడ్‌లన్నీ ‘కె’ అక్షరంతో మొదలై కె00 నుంచి కె95 దాకా నడుస్తాయి. అపెండిసైటిస్‌కు కె35తో మొదలు, పిత్తాశయ రాళ్లకు కె80, రాళ్లు లేని పిత్తాశయ వాపుకు కె81. వైరస్ వల్ల వచ్చిన హెపటైటిస్ కోసం మాత్రం కె దగ్గర వెతికితే దొరకదు, అది అంటురోగాల కింద ‘బి’లో ఉంటుంది. జీర్ణాశయ క్యాన్సర్ ‘సి’లో. వాంతులు, విరేచనాలు అని మాత్రమే రాసి కారణం తేలకపోతే లక్షణాల కింద ‘ఆర్’లో.

ఇవన్నీ రోగానికి వేసే కోడ్‌లు, చేసిన పనికి వేసేవి వేరు. ఒక ఆపరేషన్ నోట్ ఇలా ఉందనుకుందాం. రోగికి కుడి డొక్కలో నొప్పి, స్కానింగ్‌లో కోలిలిథియాసిస్, లాపరోస్కోపిక్ కోలిసిస్టెక్టమీ మొదలుపెట్టారు. ఇంతవరకు చదివిన కొత్త కోడర్ 47562 అని రాసేస్తాడు, చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయం తీసినందుకు. రెండో పేరాలో ‘కొలాంజియోగ్రామ్’ కనబడితే పైత్య నాళాల బొమ్మ కూడా తీశారన్నమాట, అప్పుడు 47563. మూడో పేరాలో, అవయవాలు బాగా అతుక్కుపోయి ఉండటంతో రంధ్రాల పద్ధతి మానేసి పొట్ట తెరిచి ఆపరేషన్ పూర్తి చేశామని ఉంటే లాపరోస్కోపీ కోడ్ మొత్తం పోతుంది. తెరిచి చేసిన ఆపరేషన్ కోడే వేయాలి: బొమ్మ తీయకపోతే 47600, తీసి ఉంటే 47605. అనుభవం ఉన్న కోడర్లు నోట్ పైన ఉన్న ఆపరేషన్ పేరు చూసి కోడ్ వేయరు, చివరి లైను దాకా చదివాకే పుస్తకం తెరుస్తారు.